రెండో గది

ఓబులేసుకు నిద్ర పట్టడం మానేసింది. ఒంట్లో రోగమేమీ లేదు. ఉన్నదల్లా పక్క గది మీద కన్ను.

పెన్న ఒడ్డున గంగులమ్మ అవ్వ మఠంలో శిష్యులకని రెండే మట్టి గదులు ఉండేవి. ఒకదాంట్లో ఓబులేసు, గోడ అవతల ఈరన్న. ఓబులేసు అన్నదమ్ములతో తెగతెంపులు చేసుకుని, ఇక అవ్వే దిక్కని వచ్చినవాడు. ఈరన్న నిన్నగాక మొన్న వచ్చాడు. వచ్చీ రాగానే అవ్వ వాడితో నవ్వుతూ మాట్లాడుతుంది, కూర్చోబెట్టుకుని తత్వాలు పాడించుకుంటుంది. పోనీ, అదైనా ఓర్చుకోవచ్చు. కానీ ఆ గది! ఎప్పుడు తొంగిచూసినా వడ్లు ఆరబోసుకునే కళ్ళమంత కనిపిస్తుంది. తన గదిలోనేమో కాలు చాపితే గోడ తగులుతుంది.

రెండూ ఒకే మేస్త్రీ ఒకే తాడుతో కొలిచి కట్టిన గదులు. ఆ మాట చెబితే నమ్మితేనా! "ఆ మేస్త్రీ వాడికి చుట్టమేమో" అన్నాడు ఒకసారి. ఈరన్న ఆ ఊరి మొహం చూడకముందే కట్టిన గదులవి. కళ్ళల్లో నిప్పులు పోసుకున్నవాడితో ఎవరు మాత్రం వాదిస్తారు?

ఒకరోజు పొద్దున్నే ఓబులేసు చాప చుట్టి చంకన పెట్టుకుని అవ్వ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఆ గదన్నా ఇయ్యి, లేదంటే నన్ను పొమ్మను. వాణ్ణి చూస్తే నా కడుపు మండిపోతాంది అవ్వా."

అవ్వ రాగులు చెరుగుతోంది. "యాడికి పోతావురా?"

"తెలీదు."

అన్నంత పనీ చేస్తాడని అవ్వకు తెలుసు. పోతే మళ్ళీ తలుపు తీసే గడప వాడికి లేదనీ తెలుసు. చేట పక్కన పెట్టింది.

"పెద్ద గది నువ్వే తీసుకో. ఏది పెద్దదో ముందు తేల్చు."

"తాడు తెచ్చి కొలుస్తా."

"నువ్వు పట్టుకున్న తాడు నువ్వు లాగినంత సాగుతాది. తాడొద్దు. పేడ కలుపుకోని రెండు గదులూ అలుకు. ముందు నీది, తర్వాత వాడిది. నీ చెయ్యే చెబుతాది."

మఠంలో గదులు అలకడం ఊరి ఆడవాళ్ళ పని. ఓబులేసు ఎన్నడూ మోకాళ్ళ మీద వంగి నేల తుడిచినవాడు కాదు. అయినా ఉత్సాహంగా బక్కెట్టు ఎత్తుకున్నాడు. తన గది ఇట్టే అయిపోయింది. "చూశారా, పిట్టగూడు!" అని తనలో తనే గొణుక్కున్నాడు. తర్వాత ఈరన్న గదిలోకి వెళ్ళాడు. అలుకుతున్నాడు, అలుకుతున్నాడు, అవతలి గోడ రాదే! నడుము పట్టేసింది. భుజం లాగేసింది. కానీ లోపల మాత్రం పండగ.

"చూస్తివా అవ్వా!" అని కేకేస్తూ బయటికొచ్చాడు. "నా గదట్లాంటివి రెండు కలిపినా దానికి చాలవు. పాపం, నేనొక్కణ్ణే పిచ్చోణ్ణంటిరి."

"అట్లనా?" అంది అవ్వ. "ఒక పూత చాలదులే. రేపు ఇంకో పూత పడనీ. ఈసారి వాడి గదితో మొదలుపెట్టు."

మర్నాడు ఓబులేసు ఈరన్న గదిలో వంగాడు. ఏదో ఆలోచనలో ఉండగానే చెయ్యి వెళ్ళి గోడకు తగిలింది. వెనక్కి తిరిగి చూశాడు. గది అంతా తడిగా మెరుస్తోంది. ఎక్కడో ఏదో వదిలేశానేమోనని మూలమూలా వెతికాడు. ఏమీ లేదు, అయిపోయింది.

తన గదికి వచ్చాడు. సగం అలికేసరికి మోకాళ్ళు మండాయి. ఎంత జరిగినా ఇంకా నేల మిగిలే ఉంది. కాలు చాపితే తగులుతుందన్న గోడ, ఇవాళ ఎక్కడో పొరుగూళ్ళో ఉన్నట్టుంది. పేడ చేతులతో అక్కడే కూలబడ్డాడు. అబద్ధం చెప్పేద్దామా అనిపించింది. నిన్నటి మాటే చెబితే గది తనదవుతుంది. ఎవరొచ్చి చూస్తారు?

చాలాసేపటికి లేచి, మిగిలింది కూడా అలికి, బయటికి వచ్చాడు.

"ఏదిరా పెద్దది?"

"ఈ పొద్దు... నాది" అన్నాడు.

అవ్వ నవ్వలేదు. చెంబు తెచ్చి వాడి చేతుల మీద నీళ్ళు పోసింది. వేళ్ళ సందుల్లో ఎండిన పేడను తన బొటనవేలితో రుద్ది కడిగింది.

"రెండో గదికి పోయేసరికి అలిసిపోతాండావు. అలిసినోడికి నేల పొడుగే. అది సరే." ఇంకో చెయ్యి చాపమంది. "మొన్నటిదాకా నువ్వు చీపురు కూడా పట్టింది లేదు గదా. వాడి గది తొంగిచూసేటప్పటికి దేనికి అంత అలిసిపోయి ఉంటివిరా నాయనా?"

చెంబులో నీళ్ళు అయిపోయాయి. ఓబులేసు తడి చేతులు అట్లాగే చాచుకుని నిలబడిపోయాడు.