ఎర్రెద్దుకు ఇంగ్లీషు చీటీ

పందొమ్మిదివందల అరవై రెండు, తొలకరి పడిన వారం. నూకలపాడు అన్నదమ్ములు పోలయ్య, గవరయ్య తమంత తెలివైనవాళ్ళు ఏటికి ఇవతల లేరని నమ్మేవారు. వాళ్ళింట్లో ఇంగ్లీషు నిఘంటువు ఉంది మరి. సంతలో రెండు గుమ్మడికాయలిచ్చి తెచ్చుకున్నారు.

దుక్కి మొదలుపెట్టాల్సిన రోజునే ఎర్రెద్దు కూలబడింది. ఉన్నది ఒక్క జత. పదును ఆరితే సాగు పోయినట్టే. కొత్తగా వచ్చిన పశువుల డాక్టరుకి తెలుగు అంతంతమాత్రం. ఎద్దును చూసి, "టెరిబ్లీ హంగ్రీ. బ్యాడ్లీ నీడ్స్ ఎ వాష్. డెడ్ టైర్డ్" అని చీటీ రాసిచ్చి వెళ్ళాడు.

ఇంకేముంది, పుస్తకం తెరిచారు.

"హంగ్రీ అంటే ఆకలి. టెరిబ్లీ అంటే భయంకరంగా" అని చదివాడు గవరయ్య. "భయపెడితేనే తింటుందన్నమాట!"

అంతే. పోలయ్య ముఖానికి మసి పూసుకుని, గడ్డి పట్టుకుని పులిలా గాండ్రించాడు. ఎద్దు గడ్డి ముట్టలేదు. పక్కింటి ముసలమ్మ మాత్రం అన్నం మానేసింది.

"ఏమయ్యా, మనం 'చచ్చేంత ఆకలి' అంటాం. చస్తున్నామా?" అంది పోలయ్య భార్య సన్యాసమ్మ. "ఆ టెరిబ్లీ కూడా భయంతో పుట్టిన మాటే అయినా, వాడీ వాడీ అరిగిపోయి 'చాలా' అయి ఉంటుంది."

"మనది నోటిమాటే. ఇది అచ్చేసిన మాట!" అన్నాడు పోలయ్య.

తర్వాత బ్యాడ్లీ. "చెడ్డగా కడగాలట అన్నా!" అంతే, బురదా పేడా కలిపి ఎద్దుకు తలంటు పోశారు. అనుకున్నంత చెడ్డగా కుదరలేదని రెండోసారి కూడా పోశారు.

మూడోది చదివి గవరయ్య గొల్లుమన్నాడు. "అన్నా! డెడ్ అంటే చచ్చిన అని!"

"నెమరేస్తోంది కదా మరిదీ!" అంది సన్యాసమ్మ.

"పాత అలవాటు వదినా, ఒక్కరోజులో పోతుందా?"

ఇంకేముంది, గొయ్యి తవ్వారు. ఎద్దును దింపి మట్టి వేయబోతే అది లేచి, గట్టెక్కి, ఏటివైపు నడిచింది. "పోయినవాళ్ళు ఇంటికి మళ్ళకూడదురా!" అంటూ పోలయ్య చీపురుతో అదిలించి ఏరు దాటించాడు.

రెండు రోజుల తర్వాత ఏటవతలి రైతు దాన్ని తోలుకొచ్చాడు. "మీ ఎర్రెద్దేనా పోలయ్యా? శుభ్రంగా కడిగి, కుడితి పెట్టి, పడుకోనిచ్చాను. ఎలా ఉందో చూడు!"

సన్యాసమ్మ పగ్గం అందుకోబోయింది. పోలయ్య అడ్డం వచ్చాడు.

"మాది మొన్ననే పోయిందండీ. ఇది ఎవరిదో. పెద్దకర్మకి మాత్రం తప్పకుండా భోజనానికి రండి."

ఆ ఏడు కాడికి ఒకవైపు రెండో ఎద్దు, ఇంకోవైపు గవరయ్య. మూడెకరాల్లో ఒకటే సాగయింది.