పళ్ళకు తగ్గ పళ్ళు

ఈ కథ నేను చెబుతుంటే మా అనసూయ రాస్తోంది. ఏది ముందో ఏది వెనకో నేను కాస్త తారుమారు చేస్తానేమో. మీరు మాత్రం నవ్వొచ్చిన చోట నవ్వేయండి.

లంకలపాడులో నాంచారమ్మ ఇల్లంటే తెలివికి పుట్టిల్లు. ఆ మాట ఊరు అనలేదు, వాళ్ళే అనుకున్నారు. "మన తెలివిలో తలా గరిటెడు పంచితే ఊరు బాగుపడును. కానీ ఒక్కరూ గిన్నె తెచ్చుకోరే!" అని కొడుకు కోటిలింగం రోజూ విచారించేవాడు. కోడలు మంగతాయారు గరిటె పట్టుకుని వీధి గుమ్మంలో కూర్చునేది.

ఆ ఏడు వాళ్ళ మామిడిచెట్టు విరగకాసింది. రసాలు గడ్డిలో మాగేసి అటక ఎక్కించారు. కోటిలింగం అన్నం మానేసి పళ్ళమీద పడ్డాడు. అంతే, వీపునిండా సెగ్గడ్డలు. పాపం, నాంచారమ్మకు మాత్రం ఇంకా ఒక్కటీ దక్కలేదు. "మీకు బాగా మెత్తబడ్డాక పెడతాలెండి అత్తయ్యా" అంటుంది కోడలు. ఒక్క రసం, టెంక తెల్లబడేదాకా చీకాలని ముసలి ప్రాణం కొట్టుకుంటోంది.

సెగ్గడ్డలకు మందడగడానికి ముగ్గురూ వైద్యులు ఆచారిగారి దగ్గరకు వెళ్ళారు.

"పళ్ళు మంచివేనయ్యా, కానీ మితంగా తినాలి. అన్నం, పప్పు, కూర, పళ్ళు అన్నీ సమతూకంగా ఉండాలి" అన్నారాయన.

ఇంకేముంది! కొట్టునుంచి తక్కెడ ఎరువు తెచ్చి దూలానికి వేలాడదీశారు. ఓ పళ్ళెంలో పొగలు కక్కే పప్పన్నం, ఓ పళ్ళెంలో మామిడిపండు. పండు కిందికి దిగింది. అన్నం వేశారు. అన్నం దిగింది. పండు వేశారు. వేయగా వేయగా తక్కెడ తాడు పుటుక్కున తెగింది. పప్పన్నమంతా కింద వంగి చూస్తున్న కోటిలింగం వీపుమీద పడింది.

"అయ్యబాబోయ్! సమతూకం మండుతోందే అమ్మా!"

మళ్ళీ ఆచారిగారి దగ్గరకు పరుగు.

"తక్కెడెందుకురా! పళ్ళు లెక్కపెట్టుకుని తినండి, అంతే. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పాను కదా!"

కోటిలింగం చెయ్యి తెరిచి చూసుకున్నాడు. "పెట్టలేదండీ. మరిచిపోయి ఉంటారు, ఫరవాలేదులెండి."

ఇంటికొచ్చి ముగ్గురూ నోళ్ళు తెరిచారు. పళ్ళు లెక్కపెట్టుకుని తినమన్నారు గదా! కోటిలింగానికి నోటినిండా పళ్ళు, కాబట్టి బుట్టెడు పళ్ళు. మంగతాయారుకు ఓ పన్ను పుచ్చింది, కాబట్టి ఆమె వాటాలో ఓ పుచ్చు పండు. నాంచారమ్మ ఆశగా నోరు తెరిచింది. కోటిలింగం దీపం పెట్టి వెతికాడు. చిగుళ్ళు తప్ప ఏమీ లేవు.

"నీకు సున్నా అమ్మా."

"ఒరేయ్, రసానికి పళ్ళెందుకురా? చీక్కుతింటాను!"

"చీకడానికి ఆయన లెక్క చెప్పలేదే!"

"అంగట్లో అన్నీ ఉన్నాయి, అత్త నోట్లో శని ఉంది" అని మూతి తిప్పింది కోడలు.

నాంచారమ్మ నోరంతా వేలితో తడిమింది. "శని కూడా లేడే! నా ఖర్మ!" అని ఘొల్లుమంది.

తల్లి ఏడుపు చూడలేక కోటిలింగం ముచ్చటగా మూడోసారి పరుగెత్తాడు. "మా అమ్మకు పళ్ళు లేవండీ. పళ్ళు ఎలా తింటుందండీ?"

"దానికేముందిరా, కట్టుడు పళ్ళు పెట్టించు. హాయిగా తింటుంది."

ఎంత సులువు! కోటిలింగం అటకమీది పళ్ళన్నీ దింపాడు. పురికొసతో గుత్తులు కట్టాడు. గడ్డం కిందినుంచి చెవులమీదుగా ఓ వరస, మెడచుట్టూ మూడు వరసలు. నాంచారమ్మ కాసిన చెట్టులా కూర్చుంది.

"కట్టుడు పళ్ళు కుదిరాయా అమ్మా?"

"కాస్త బరువుగా ఉన్నాయిరా. కొత్తవి కదా, అలవాటవుతాయిలే. ఇప్పుడు లెక్కపెట్టు!"

లెక్కపెట్టి కోటిలింగం నోరెళ్ళబెట్టాడు. "అబ్బో, నాకన్నా నీకే ఎక్కువున్నాయి! బుట్టన్నర తినొచ్చు నువ్వు!"

మంగతాయారు గబగబా అటకెక్కింది. గడ్డి తప్ప ఏమీ లేదు. "అత్తయ్యా, పళ్ళు లేవు!"

"అయ్యో రాత! పళ్ళున్నప్పుడు పళ్ళు లేవు, పళ్ళొచ్చాక పళ్ళు లేవు!"

"పోనీ, మెడలోదొకటి చీకండి."

నాంచారమ్మ గయ్యిమంది. "మతిపోయిందటే నీకు! ఎవరి పళ్ళు వాళ్ళే తింటారా?"

అంతలో ఎవరో, కట్టుడు పళ్ళను నీళ్ళలో ఉంచకపోతే పాడవుతాయన్నారు. అంతే! నాంచారమ్మ పెరట్లోకి వెళ్ళి గడ్డందాకా నీళ్ళ గోలెంలో కూర్చుంది. ముక్కు కింద రసాలు తేలుతుంటే, నోరు గట్టిగా మూసుకుని.

అమ్మాయీ అనసూయా, పేర్లు ఓసారి సరిచూడు. మంగతాయారు కోడలేనా, ఆచారిగారి భార్యా?