కుక్క ఒక్క చెప్పే ఎందుకు ఎత్తుకెళ్తుంది?

"నువ్వు నా మంద కాయి కర్రీ. ఉగాదిలోగా నీ కూనకి మంచి ఆటవస్తువు తెచ్చిస్తా. నా గొర్రెల మీద ఒట్టు!"

ఒకప్పుడు, కుక్కలు చెప్పుల వైపు కన్నెత్తి కూడా చూడని రోజుల్లో, గొర్రెల కాపరి బీరయ్య తన నల్ల కుక్కకి ఇచ్చిన మాట ఇది. కర్రి నమ్మింది. ఎండనక, వాననక మంద కాసింది. తోడేళ్లని తరిమింది.

ఉగాది వచ్చింది, పోయింది.

అడిగినప్పుడల్లా బీరయ్య చేతికందింది విసిరేసేవాడు. ఉడికిన ఎముక విసిరాడు. అది పుల్లలా చీలి కూన చిగుళ్లలో గుచ్చుకుంది. వాగులోని గులకరాయి విసిరాడు. కూన పన్ను విరిగింది. ఆ తర్వాత గొర్రె మెడలోని మువ్వ విసిరాడు.

మువ్వ గలగలమంది. కూన మురిసిపోయి నోట పెట్టుకుంది. అది గొంతులో ఇరుక్కుంది! కూన కళ్లు తేలేసింది.

"బీరన్నా! నా బిడ్డ!"

బీరయ్య పరుగెత్తుకొచ్చి, కూనని తలకిందులుగా పట్టి వీపు తట్టాడు. మువ్వ ఠంగుమని కింద పడింది.

కర్రి బండరాయి ఎక్కి నిలబడింది.

"ఆడేది మేము! మమ్మల్ని అడగకుండా ఆటవస్తువు తేల్చేది నువ్వా? మా నోటి కొలత మా నోటికే తెలుసు! ఆట మా హక్కు!"

"మే! మే!" అన్నాయి గొర్రెలు.

"విన్నావా? 'మేమూ నీ వెంటే కర్రీ' అంటున్నాయి!"

"అవెప్పుడూ అదే అంటాయిలే. రేపు చూద్దాం," అని బీరయ్య చెప్పులు విడిచి, తుమ్మచెట్టు నీడన నడుం వాల్చాడు.

"అమ్మా, మరి మంచి ఆటవస్తువు ఎలా ఉంటుంది?" అంది కూన.

"అన్నింటినీ అడిగి చూడు."

కూన ఎండుపుల్లని అడిగింది. "నేను చీలిపోతా, వద్దు," అంది పుల్ల.

కుంకుడుగింజని అడిగింది. "నేను గొంతులోకి జారిపోతా."

ఉన్నిపోగుని అడిగింది. "నేను కడుపులో చుట్టుకుంటా."

చివరికి బీరయ్య కిర్రుచెప్పుని అడిగింది. "ఏమో, కొరికి చూడు!"

కూన కొరికింది. మింగడానికి వీల్లేనంత పెద్దది. పళ్లు దిగాయి, ముక్క ఊడలేదు. నొక్కితే కిర్రుమంది! పైగా బీరయ్య వాసన.

"అమ్మా, ఇదే!"

బీరయ్య లేచి చూస్తే ఒక్క చెప్పే ఉంది.

"ఒసేయ్ దొంగా! రెండోది ఏదే?"

"రెండూ తీసుకుంటే దొంగతనం బీరన్నా," అంది కర్రి. "ఒక్కటే తీసుకుంటే అర్జీ. ఒంటి చెప్పుతో ఎంత దూరం పోతావు? మాటిచ్చిన ఆటవస్తువు పట్టుకుని మా దగ్గరికి రావాల్సిందే."

అప్పటినుంచే కుక్కలు జతలో ఒక్క చెప్పే ఎత్తుకెళ్తున్నాయి. మీ గుమ్మం ముందు ఒంటి చెప్పు కనబడితే తిట్టకండి. అది కర్రి అర్జీ:

"మా కొలతకి సరిపడే ఆటవస్తువు ఏదీ? కార్తీక పున్నమిలోగా జవాబు కావాలి."