విప్పిన వరస

నారణయ్యస్వామివారిని ఎవరైనా సందేహం అడిగితే, ఆయన ముందుగా "ఈ పూట మీ ఇంట్లో ఏం కూరమ్మా?" అని అడిగేవారు. కూర పేరు విని "బాగుంటుంది" అనేవారు. అంతే, జవాబు ఆ పూటకు రాదు. పదిరోజులకో పక్షానికో, ఏ సంతలోనో ఏ పెళ్లిపందిట్లోనో చిన్న సంగతి ఏదో జరిగేది. అప్పుడు అడిగినవాళ్లు ఉలిక్కిపడి, నేనడిగినదానికి జవాబు ఇదా అనుకునేవారు. పెన్న ఒడ్డున ఉన్న ఆ చిన్న మఠానికి వచ్చిపోయే వాళ్లందరికీ ఆయన తీరు తెలుసు. తెలిసి కూడా భ్రమరాంబ ఒక సోమవారం పొద్దున వెళ్లి, అరటిపళ్లు ఆయన ముందుంచి, దణ్ణం పెట్టి, వంచిన తల ఎత్తకుండానే అడిగింది.

"స్వామీ, పదిమంది కలిసి చేసే పనిలో ఒకరి చెయ్యి వంకరగా పడిందనుకోండి. వాళ్ల మనసు నొప్పించకుండా మనమే దాన్ని సరిచేస్తే తప్పా?"

స్వామివారు దీపానికి ఒత్తులు చేసుకుంటున్నారు. చేతిలోని దూదిని అరచేతుల మధ్య నెమ్మదిగా తిప్పి, తయారైన ఒత్తిని పళ్లెంలో పెట్టారు. "ఈ పూట మీ ఇంట్లో ఏం కూరమ్మా?"

"చింతచిగురు పప్పు స్వామీ."

"బాగుంటుంది," అన్నారు ఆయన.

భ్రమరాంబ మఠం మెట్లు దిగింది. జవాబు రానందుకు ఆమెకు దిగులు కలగలేదు, కాస్త ఊపిరి తిరిగినట్టే అయింది. నిజం చెప్పాలంటే ఆమె తీసుకువెళ్లింది ప్రశ్న కాదు. తను చేసిన తప్పునే శుభ్రంగా ఉతికి, మడత పెట్టి, ప్రశ్నలాగా తీసుకువెళ్లింది. ఆ మడత లోపల ఏముందో ఆమెకు తెలుసు.

కుట్టుపనంటే భ్రమరాంబకు ప్రాణం. బతుకుతెరువుకు కాదు, భర్తకు తాలూకా కచేరీలో ఉద్యోగం ఉంది, ఇల్లు సుఖంగానే గడిచేది. పుట్టింట్లో మేనత్త పక్కన కూర్చుని సరదాగా నేర్చుకున్న విద్య అది. ఆమె కుట్టిన వరస చీమల బారులా ఉంటుందని వీధివీధంతా చెప్పుకునేది. ఒక ఏడు చలికాలంలో, ప్రభుత్వాసుపత్రిలో కాన్పయిన పేదరాలొకతె పసిగుడ్డును గోనెపట్టాలో చుట్టుకుని ఇంటికి పోవడం ఆమె కళ్లబడింది. ఆ రోజు ఆమెకు అన్నం సహించలేదు. మర్నాటి నుంచే ఇంటింటా మెత్తబడిన పాత నూలుచీరలు అడిగి పోగుచేసింది. వీధిలోని ఆడవాళ్లను పిలిచి, బుధవారం, శుక్రవారం మధ్యాహ్నాలు తన ఇంటి పంచలో బొంతలు కుట్టించడం మొదలుపెట్టింది. సూది పట్టుకోవడం రానివాళ్లకు చెయ్యి పట్టి నేర్పింది. ఆ పంచలో కబుర్లూ, పరాచికాలూ, మధ్యమధ్య ఒక కీర్తనా! ఇంటిపనితో విసిగిన ఆడవాళ్లకు ఆ రెండు మధ్యాహ్నాలూ పండగలే.

ఆ బొంతలకు ఒక మర్యాద కూడా ఉండేది. ఒక వరస ఒక మనిషిది. మొదలుపెట్టిన మనిషే ఈ కొస నుంచి ఆ కొస దాకా కుట్టాలి, ఇంకొకరు అందుకోకూడదు. కుడుతున్నంతసేపూ ఆ బొంతలో పడుకోబోయే బిడ్డకు మనసులో ఒక మంచిమాట చెప్పుకుంటూ ఉండాలి. ఎన్ని వరసలుంటే బిడ్డకు అన్ని దీవెనలు. ఈ మర్యాదను మేనత్త దగ్గర విని వచ్చి, వీధికంతటికీ నేర్పింది భ్రమరాంబే.

ఒకరోజు ఆసుపత్రిలో డాక్టరమ్మ బొంత విప్పి చూసి, "అబ్బ, మిషను మీద కుట్టినట్టుందే!" అంది. ఆ ఒక్క మాటే భ్రమరాంబ తలకెక్కింది. అంతవరకూ ఆమెకు బిడ్డ కనిపించేది, ఆ తర్వాత కుట్టు కనిపించసాగింది.

కుట్టు కనిపించసాగాక ఓబులమ్మ వరస కంట్లో నలుసైంది. ఓబులమ్మను వీధిలో అందరూ సొంత అవ్వను పిలిచినట్టు జేజీ అనే పిలిచేవారు. డెబ్భై దాటిన మనిషి. చిన్నప్పటి నుంచీ కూలికి శెనక్కాయలు ఒలిచి ఒలిచి వేళ్లు కొంకర్లు పోయాయి. చూపు కూడా సరిగ్గా ఆనదు. పిలవకముందే వచ్చి, అందరికంటే ముందు చాప పరిచేది. ఆమె వేసిన కుట్టు ఒకటి బెత్తెడైతే, ఇంకొకటి పిసరంత. సన్నటి వరసల మధ్య ఆ ఒక్క వరస బురదలో కాకి నడిచిన అడుగుల్లా ఉండేది.

మొదటిసారి ఆ వరస విప్పబోయి భ్రమరాంబ కత్తెరను రెండుసార్లు కింద పెట్టింది. అందరూ వెళ్లాక, తలుపు దగ్గరికి వేసుకుని, దారం ఒక్కొక్క చోట తెంపి లాగేసి, అక్కడే తన చేత్తో సన్నగా కుట్టింది. రెండోసారి కత్తెర ఆగలేదు. ఆ తర్వాత అది గిన్నెలు కడిగినట్టు రోజువారీ పనైపోయింది. జేజి మనసు నొప్పించకూడదనే కదా, అని తనకు తాను చెప్పుకునేది.

కిందటి శుక్రవారం ఒక బొంత పూర్తయింది. ఓబులమ్మ దాన్ని ఒళ్లోకి లాక్కుంది. "నా వరస యాడుంది పాపా? కంటికి ఆనదు గానీ, చేత్తోనన్నా చూసుకుంటా," అంది.

భ్రమరాంబ ఏం చెయ్యాలో తోచక ఆ కొంకర్లుపోయిన వేలిని పట్టుకుని తను కుట్టిన వరస మీద పెట్టింది. "ఇదిగో జేజీ, ఇదే నీది."

ఓబులమ్మ వేలు ఆ కొస నుంచి ఈ కొస దాకా మెల్లగా నడిచింది. ముసలి ముఖం వెలిగిపోయింది. "ఎంత సన్నంగా వచ్చిందో చూడే సుంకమ్మా! నా చేతిలో ఇంకా పస ఉందే!"

పక్కనే ఉన్న సుంకమ్మ నోటి దురుసుతనం వీధిలో అందరికీ తెలిసిందే. "ఉండదా మరి! ఇంగ రెండేండ్లు పోతే పెండ్లిపట్టురవికలు గూడా నువ్వే కుడతావులే జేజీ," అంది. అందరూ నవ్వారు. ఓబులమ్మ అందరికంటే ఎక్కువగా నవ్వింది. భ్రమరాంబ కూడా నవ్వింది. ఆ నవ్వే ఆమె గొంతుకు అడ్డంపడి, మూడురోజులైనా దిగలేదు. అందుకే సోమవారం మఠానికి వెళ్లింది. వెళ్లి కూడా, ఫలానా మనిషి చేతిని పట్టుకుని అబద్ధం మీద పెట్టాను స్వామీ అని చెప్పుకోలేకపోయింది.

బుధవారం నాడు, అప్పటికే తయారైన బొంతలు ఇవ్వడానికి భ్రమరాంబ ఆసుపత్రికి వెళ్లవలసి వచ్చింది. "మీరు మొదలుపెట్టండి, నేనొచ్చేస్తాను," అని సుంకమ్మకు చెప్పి వెళ్లింది. అక్కడ డాక్టరమ్మ కోసం కాచుకుని కూర్చుని తిరిగొచ్చేసరికి పంచలో ఎవరూ లేరు. కొత్త బొంత మడతపెట్టి మూల ఉంది. ఇంకా పొద్దు మిగిలి ఉంది. బొంత పరిచి చూస్తే నడిమధ్యన ఒక వరస! ఈసారి మరీ అన్యాయంగా ఉంది. ఎక్కడ మొదలైందో అక్కడికే తిరిగి వచ్చేలా వంపులు తిరిగింది. ఒకటి రెండు చోట్ల నెత్తురు చుక్కలు కూడా అంటి ఉన్నాయి.

"ముసలిదానికి పూర్తిగా చూపు పోయినట్టుంది," అనుకుంటూ భ్రమరాంబ కత్తెర తీసింది. పొద్దు వాలేలోగా వరస విప్పేసి, నెత్తుటి మరకల మీద తడిగుడ్డ అద్ది, తన చేత్తో కొత్త వరస కుట్టేసింది. దూరంగా పట్టుకుని చూసుకుంది. బొంత మిషను మీద కుట్టినట్టే ఉంది.

మర్నాడు పొద్దున్నే సుంకమ్మ తన అత్తగారిని వెంటబెట్టుకుని వచ్చింది. వెనకే ఓబులమ్మ, ఇంకో నలుగురు ఆడవాళ్లు. "అక్కా, బొంత తియ్యక్కా! స్వామివారి వరస మా అత్తకు చూపించాల. కండ్లకద్దుకుంటానని ఒకటే పోరు."

"స్వామివారి వరసేమిటి?"

"అయ్యో, నిన్న నువ్వు లేవు గదా! పోతా పోతా మన పంచలోకి వచ్చినారు. 'నాకూ ఒక సూదియ్యండమ్మా' అన్నారు. మేమంతా లేచి నిలబడితిమి. ఆయన ఎవురి పక్కనా కూసోలా, పొయ్యి పొయ్యి జేజి పక్కన కూసున్నారు. జేజి తన వరస మానుకోని ఆయనకే నేర్పిచ్చింది. అట్ట గుచ్చు నాయనా, ఇట్ట లాగు నాయనా అని! మూడు తూర్లు వేలికి పొడుచుకున్నారు పాపం. ఆ వంకర చూడాలక్కా, పెన్న పారినట్టు పారింది!"

బొంత తను తీసిందో, వాళ్లే తీసుకున్నారో భ్రమరాంబకు తెలియలేదు. సుంకమ్మ అత్తగారు వెతికింది, సుంకమ్మ వెతికింది. అన్నీ చీమల బారులే. "ఇదేంది, ఇదే గదా బొంత?" అని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఓబులమ్మ చాప మీద కూర్చుని బొంతను ఒళ్లోకి తీసుకుంది. నడిమధ్యన వేలు పెట్టి మెల్లగా నడిపించింది. సగం దూరం పోయాక వేలు ఆగింది.

"ఇది స్వామి కుట్టు కాదు," అంది. వేలిని వెనక్కి నడిపించి, "ఈ కుట్టు నాకు తెలుసు. మొన్న నాదని చెప్పినావే పాపా, ఆ చెయ్యే ఇది," అంది.

భ్రమరాంబ పట్టపగలు, తన పంచలో, తను సూది పట్టడం నేర్పిన ఆడవాళ్ల మధ్య, ఒంటి మీద బట్ట లేనట్టు నిలబడిపోయింది.

ఓబులమ్మ గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది. "నా చేతిలో పస లేదని నాకు తెలీదా తల్లీ? చెప్పుంటే, నీ పక్కన దారాలకు పురేస్తా కూసునేదాన్ని." మోకాళ్ల మీద చేతులూని లేచింది. "ఎండెక్కుతాంది. నేను పొయ్యొస్తా," అని గడప దిగింది.

అప్పటికి సుంకమ్మ అత్తగారికి సంగతి బోధపడింది. "శివశివా! స్వామివారి చేతి కుట్టు విప్పేసిందంట!" అని చెంపలు వేసుకుంది. మిగిలినవాళ్లూ వేసుకున్నారు. ఆ మాట భ్రమరాంబ చెవిన పడింది. గురువుగారు నెత్తురు చిందించి కుట్టిన వరస! బిడ్డకు ఏ దీవెన చెప్పుకుంటూ కుట్టారో! దాన్ని తన చేత్తో కత్తిరించి, పోగులు ఊడ్చి పారబోసింది. చెప్పులైనా తొడుక్కోకుండా మఠానికి పరుగెత్తింది.

మఠానికి వెళ్లే సందులోనే ఓబులమ్మ ఇల్లు. ముసలామె అప్పుడే ఇంటికి చేరి, అరుగు మీద కూర్చుని, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటోంది. భ్రమరాంబ కొంగు తల మీదికి లాక్కుని, ముఖం పక్కకు తిప్పుకుని గబగబా దాటిపోయింది. ముందు స్వామివారి కాళ్లు పట్టుకోవాలి, మిగతావన్నీ ఆ తర్వాత అనుకుంది.

స్వామివారు మఠం వాకిట్లో నీళ్లు చల్లుతున్నారు. ఆ తడినేల మీదే ఆమె సాష్టాంగపడింది. ఏడుస్తూ అంతా చెప్పింది. ఈసారి మడతలేమీ పెట్టలేదు. ఎన్ని బొంతలు, ఎన్ని వరసలు, జేజి వేలును ఎలా పట్టుకుందీ, ఏం చెప్పిందీ, అంతా. చివరికి, "అన్నిటినీ మించి మీ చేతి కుట్టు విప్పేశాను స్వామీ! ఆ పాపం ఎలా పోతుంది? ఏ వ్రతం పట్టమన్నా పడతాను, ఎన్నాళ్లు ఉపవాసం ఉండమన్నా ఉంటాను," అంటూ ఆయన పాదాల మీద తల పెట్టబోయింది.

స్వామివారు ఒక అడుగు వెనక్కి వేశారు. చెంబు కింద పెట్టి, నెమ్మదిగా అన్నారు.

"నా కుట్టుదేముందమ్మా, నేను ఓబులమ్మ దగ్గర నిన్న చేరిన శిష్యుణ్ణి. గురువుగారి ఇల్లు దాటుకునేగా ఇక్కడికి వచ్చావు!"