కొండడి పళ్లు

అనగనగా ఒక రాళ్ల అడవి. పిల్లలూ, ఆ అడవిలో నాంచారమ్మ అనే ముళ్లపంది ఉండేది. పక్క బొరియలో కొండడు అనే పందికొక్కు, వాడి తల్లి, చెల్లెళ్లు ఉండేవాళ్లు.

కొండడికి పళ్లు ఆగకుండా పెరిగేవి. పందికొక్కులన్నిటికీ అంతే. ఏదో ఒకటి కొరికి అరగదీయకపోతే నోరు మూతపడదు.

మొదటిసారి వాడు కుందేలు దాచుకున్న దుంపలన్నీ కొరికి పాడుచేశాడు. కుందేలు కొట్లాటకు వచ్చింది.

"పోనీలేమ్మా, పళ్ల దురద. వాడేం చేస్తాడు?" అని నాంచారమ్మ సర్దిచెప్పి పంపింది.

రెండోసారి నెమలి తన గుడ్ల చుట్టూ పేర్చుకున్న కంచె కొరికేశాడు. నాంచారమ్మ నెమలినీ బతిమాలింది. దుప్పి రాల్చిన కొమ్మొకటి వెతికి తెచ్చి కొండడికిచ్చి, "ఇది కొరుక్కోరా. పళ్లూ అరుగుతాయి, ఎవరి కొంపా కూలదు" అంది.

"సరే అత్తా" అన్నాడు. ఆవిడ అటు తిరగగానే కొమ్మును అవతల పారేశాడు.

మూడోసారి వాగు గట్టున ఒక వేరు పట్టుకున్నాడు. ఆ వేరు బలంతోనే గట్టు నిలబడి ఉంది. గట్టు కింద రాగమ్మ అనే ముంగిస ఇల్లు.

"ఒరే, లోపల నా పిల్లలున్నారు! ఆపరా!" అని రాగమ్మ అరిచింది.

వాడు విన్నాడు. కానీ వేరు తియ్యగా ఉంది. ఆపలేదు.

గట్టు కూలింది. అందరూ పరుగెత్తుకొచ్చి మట్టి తవ్వి పిల్లల్ని బయటికి లాగారు. ఒక పిల్లకు కాలు విరిగింది.

అడవికి పెద్ద అయిన ఎలుగుబంటి పంచాయితీ పెట్టింది.

"నేనేం చెయ్యను? నా పుట్టుకే అంత" అన్నాడు కొండడు.

"విన్నారా? ఆ జాతే అంత! తల్లినీ చెల్లెళ్లనీ కూడా తరిమేయండి!" అని కుందేలు ఎగిరింది.

కొండడి తల్లి ఆడపిల్లల్ని దగ్గరికి లాక్కుంది.

నాంచారమ్మకు ఒళ్లు మండింది. ముళ్లన్నీ లేచి నిలబడ్డాయి.

"అబ్బబ్బ, చంపుతున్నారు కదా! వాడూ పుట్టుకే అంటాడు, మీరూ పుట్టుకే అంటారు. ఇంక తగువెందుకు? నావీ పెరిగే పళ్లే. వాళ్లమ్మవీ పెరిగే పళ్లే. ఏమ్మా కుందేలూ, నీవి పెరగవూ? ఏదీ, నోరు తెరువు!"

కుందేలు టక్కున నోరు మూసుకుంది.

"మేమెవరమైనా గట్లు కూల్చామా? ఒరే కొండా, పళ్లు నీతో పుట్టాయి, నిజమే. రాగమ్మ అరుపు చెవినపడ్డాక కూడా కొరికావే, అది కూడా నీతో పుట్టిందా? నేను వెనకేసుకురావడం ఇక అయిపోయింది!"



తల్లి, చెల్లెళ్ల జోలికి ఎవరూ పోకూడదని ఎలుగుబంటి తీర్పు చెప్పింది. కొండడు మాత్రం రాగమ్మకు కొత్త ఇల్లు తవ్వాలి. పిల్ల కాలు నయమయ్యేదాకా తిండి తెచ్చివ్వాలి.

వాడు సణుక్కుంటూనే తవ్వాడు. నాంచారమ్మ కాపలా కూర్చుంది. తవ్వుతుంటే లేత వేరొకటి తగిలింది. వాడి నోరూరింది.

"అత్తా, ఈ దురద ఎప్పటికైనా పోతుందా?"

"పోదు. ఈ వయసొచ్చినా నాకే పోలేదు."

"మరెలా?"

"ఎలా ఏముంది? రోజూ పళ్లు లాగుతాయి, రోజూ ఆపుకోవాలి. అడిగి అడిగి నా ప్రాణం తియ్యకు. తవ్వు!"

కొండడు ఆ వేరు వంక కాసేపు చూశాడు. తర్వాత దాన్ని తప్పించి, పక్కనుంచి తవ్వుకుంటూ పోయాడు.

నీతి: కోరిక పుట్టుకతో రావచ్చు. తప్పు మాత్రం మనం చేస్తేనే జరుగుతుంది.