పొన్నలదుర్గంలో పొత్తు ఆట

ఏమండీ, పక్కవాడి చుట్టూ పదిమంది చేరి పకపకా నవ్వుతుంటే మీ కడుపు ఎప్పుడూ మండలేదా? మండలేదనేవాళ్ళు ఈ కథ వినక్కర్లేదు, లేచి వెళ్ళొచ్చు. తక్కినవాళ్ళు కాస్త దగ్గరికి జరగండి.

పొన్నలదుర్గమని ఒకానొక రాజ్యం. దాని ఏలిక విజయభోగరాయలు. ఆయనకు చదరంగమంటే ప్రాణం. ఎప్పుడూ నల్లపావులతోనే ఆడేవాడు, ముప్పై ఏళ్ళలో ఒక్క ఆటా ఓడలేదు. ఎలా ఓడతాడు? ఏలినవారి రాజుకు బల్లమీద ఎవరూ ఆటకట్టు చెప్పరాదని, అలా కట్టిన చేతికి సంకెళ్ళు తప్పవని వాళ్ళ తాతగారే శాసనం వేయించి పోయాడు. అందుకని రాయలతో ఆడేవాడు ఎవడైనా సరే, గెలుపు దగ్గరికి వచ్చేసరికి తల గోక్కుని, ఏదో మరిచానని గొణిగి పావులు కలిపేసేవాడు. రాయలు మీసం దువ్వేవాడు. సభవాళ్ళు ఉత్తరీయం చాటున ఆవులించేవాళ్ళు.

ఆ ఆవులింతలు రాయలకు తెలియక కాదు. తెలిసే పళ్ళు కొరుక్కునేవాడు.

ఇలా ఉండగా వడ్రంగుల వీధిలో గురవక్క అని ఒకావిడ, కొయ్య చెక్కి లక్క పూసి పావులు చేసి అమ్మేది, ఒక కొత్త ఆట మొదలుపెట్టింది. దానికి పొత్తు ఆట అని పేరు. బల్లమీద నాలుగైదు పావులు పెట్టి, "తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ చెయ్యి కలిపి, ఇన్ని ఎత్తుల్లో నల్లరాజును కట్టండి" అనేది. ముందు ఎత్తు నల్లవాళ్ళది. ఇందులో శత్రువు లేడు. ఇద్దరూ కలిసి ఒక్క ముగింపు కోసం వెతకాలి. వినడానికి పిల్లలాటే. కూర్చుంటే మాత్రం పొద్దు తెలిసేది కాదు. చిక్కు విడిన ప్రతిసారీ వీధంతా గొల్లున నవ్వేది.

ఆ గోల మేడమీద రాయలకు వినబడేది. ఒకనాడు ఆ నవ్వుల్లో తన మంత్రి నాగయామాత్యుడి గొంతు కూడా వినబడింది. ముప్పై ఏళ్ళుగా తన ఎదుట కూర్చున్న మనిషి అలా నవ్వగా రాయలు ఒక్కసారీ వినలేదు. ఆ పూట ఆయనకు అన్నం సహించలేదు. పులుసులో ఉప్పు లేదని వంటవాణ్ణి తిట్టాడు. ఉప్పు సరిగ్గానే ఉంది.

మర్నాడే గురవక్కను సభకు పిలిపించాడు.

"ఏమమ్మా, శత్రువే లేని ఆట కూడా ఒక ఆటేనా? చేవ ఉంటే నాతో ఆడు. బల్ల నువ్వే పరుచుకో, పావులు నీ ఇష్టం వచ్చినట్టు పెట్టుకో. పొద్దుగుంకేలోగా నా నల్లరాజు కట్టుబడాలి. లేదా, నీ ఉలీ బాడిసా ఇక్కడే వదిలి పొలిమేర దాటాలి."

సభ గతుక్కుమంది. కడితే సంకెళ్ళు, కట్టకపోతే వెళ్ళగొట్టడం. శాసనం మాట గుర్తుచేద్దామని మంత్రి నోరు తెరిచాడు గానీ, రాయలు చూసిన చూపుకు మూసేసుకున్నాడు.

గురవక్క కొంగు బిగించి, బల్ల పరిచి, తాపీగా ఆరు పావులు పెట్టింది. నల్లవైపు రాజు, ఏనుగు, రెండు బంట్లు. తెల్లవైపు రాజు, ఒంటి గుర్రం. అంతే.

"ఆడటానికి ముందు ఒక్క మనవి దొరా. ఇది నాలుగేసి ఎత్తుల పొత్తు సమస్య. మా అంగట్లో ఇంతవరకూ ఎవరూ విప్పలేదు. మంత్రిగారు మూడు రోజులు కూర్చుని లేచిపోయారు. మొన్న కుమ్మరి బాలయ్య మాత్రం అంచుదాకా వచ్చాడు. రేపో మాపో విప్పేస్తాడు."

"కుమ్మరివాడా?" అన్నాడు రాయలు.

"అవును దొరా. వీధంతా వాడి భుజం తట్టడానికి కాచుక్కూర్చుంది."

ఇంకేముంది, రాయలు బల్లమీదికి వంగాడు. గురవక్క రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, తాను పావు ముట్టనని, రెండు వైపులా ఏలినవారే కదపాలని విన్నవించింది. ఆయన విన్నాడో లేదో.

ఒంటి గుర్రంతో ఆటకట్టా? మొదట అసాధ్యమనిపించింది. ఎంతసేపూ ఆయన చెయ్యి నల్లరాజును బయటపడేసే వైపుకే పోయేది. ముప్పై ఏళ్ళ అలవాటు మరి. కదిపాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. భోజనానికి పిలుపొస్తే వెళ్ళమన్నాడు. కిరీటం అడ్డమొస్తోందని తీసి పక్కన పెట్టాడు. కుమ్మరి బాలయ్య భుజం మీద పడబోయే చేతులన్నీ ఆయన కళ్ళ ముందే ఆడుతున్నాయి.

ఎండ వాలుతుండగా ఆయన కళ్ళు మెరిశాయి. నల్లరాజును మూడు ఎత్తుల్లో మూలగడికి నడిపించాడు, బంట్ల వెనక్కి. ఒక్కో ఎత్తుకూ తెల్లగుర్రాన్ని ఒక్కో దూకు చొప్పున దగ్గరికి తెచ్చాడు. నాలుగో ఎత్తుకు ఏనుగును తెచ్చి రాజు పక్క గడిలో నిలబెట్టాడు. ఆత్రం ఆపుకోలేక గుర్రాన్ని తనే ఎత్తి టక్కున దూకించాడు.

"కట్టు," అన్నాడు. "చూశారా? కదలడానికి గడి లేదు. విప్పింది ఎవరు? నేను. వెళ్ళి మీ కుమ్మరివాడికి చెప్పండి."

మంత్రి బల్లవంక చూస్తూ పెదవి కొరుక్కుంటున్నాడు, నవ్వు ఆగక.

గురవక్క లేచి చేతులు జోడించింది. "పొద్దింకా గుంకలేదు దొరా. నల్లరాజు కట్టుబడ్డాడు. ఇక మిగిలింది శాసనం. కట్టిన చెయ్యి ఎవరిదో సభవారే చెప్పాలి."

రాయలు తన చేతివంక చూసుకున్నాడు. గుర్రం మీద వేళ్ళు ఇంకా అలాగే ఉన్నాయి.

"ఇది మోసం," అన్నాడు.

"ఒంటి గుర్రం ఎంతటిది దొరా? అదొక్కటే ఏ రాజునూ కట్టలేదు. ఒక పక్క మీ ఏనుగే నిలబడింది. ముందు రెండు గడులూ మీ బంట్లే మూశారు. బాలయ్య పేరు వినగానే మీ రాజును మీరే తీసుకెళ్ళి మూలన కూర్చోబెట్టారు. నేను చేసిందల్లా పావులు చెక్కడమే."

రాయల ముఖం ఎర్రబడింది. మళ్ళీ బల్లను చూశాడు. మూలన తన వాళ్ళ మధ్యే ఊపిరాడక ఇరుక్కుపోయిన నల్లరాజు. చూడగా చూడగా ఆయన మీసాలు అదిరాయి, భుజాలు అదిరాయి, చివరికి పొట్ట పట్టుకుని నవ్వాడు. సభ కూడా నవ్వింది. ఈసారి ఉత్తరీయాలు ఎవరికీ అడ్డం లేవు.

"ఇప్పుడు నా చేతికి సంకెళ్ళు వెయ్యాలి, లేదా తాతగారి శాసనం కొట్టెయ్యాలి. ఏమంటావు మంత్రీ?" అన్నాడు.

సంకెళ్ళు బరువని, శాసనం కొట్టేయడమే తేలికని మంత్రి మనవి చేశాడు. అక్కడికక్కడే కొట్టేశారు. రాయలు తన కంకణం తీసి గురవక్క చేతికి తొడిగి, ముప్పైరెండు పావులూ పరిపించి, ఈసారి చెయ్యి ఆపకుండా నిజంగా ఆడమన్నాడు. ఆవిడ ఆడింది. దీపాలు పెట్టేవేళకు ఆయన ఓడిపోయాడు. కానీ అంతసేపూ సభలో ఒక్కరూ ఆవులించలేదు. రాయల చెయ్యి ఏ పావు మీద వాలుతుందా అని ఊపిరి బిగబట్టి చూశారు. ముప్పై ఏళ్ళుగా ఆయన కుళ్ళుకుంటూ కోరుకున్నది అదే.

విన్నారుగా. నాన్నతో వాదించకూడదు, గురువు లెక్క తప్పనకూడదు, అన్నగారిని ఆటలో ఓడించకూడదు అంటూ మీ ఇళ్ళలోనూ ఇలాంటి శాసనాలు ఉండే ఉంటాయి. వాటిలో మిమ్మల్ని ఊరికే గెలిపిస్తున్నది ఒకటి చూసుకుని, మీ చేత్తో మీరే కొట్టెయ్యండి. రేపు కాదు, ఇవాళే.