కుడివైపు రెయిలింగు

భీమిలిలో వేదాంతం చెప్పే పేరి అచ్యుతం గారికి అడిగిన పూటే జవాబు చెప్పే అలవాటు లేదు. ప్రశ్న విని, తలూపి, పాఠం ముగించి లేచిపోయేవారు. ఒక్కోసారి మర్నాడు, ఒక్కోసారి నెల గడిచాక, వేరే మాటల మధ్యలో జవాబు వచ్చేది. అదైనా ఎక్కడో ఎవరికో జరిగిన సంగతిలా ఉండేది గాని జవాబులా ఉండేది కాదు.

ఆయన దగ్గర చదువుకునేవాళ్ళలో సునంద ఒకరు. కాలేజీలో సంస్కృతం చెబుతారు. గురువుగారి మాట మీద ఆ సంవత్సరం శనివారాల్లో జాలరిపేటకి వెళ్ళి, పనులు ముగించుకొచ్చిన ఆడవాళ్ళకి ఉపనిషత్తు చెప్పడం మొదలుపెట్టారు. మొదట్లో ఇరవైమంది దాకా వచ్చేవారు. తర్వాత నలుగురైదుగురు మిగిలారు. వాళ్ళూ కునికిపాట్లు పడుతుంటే, ఒక శనివారం సునంద తెగించి, రెండూ ఒకటి కావని తెలిసే, ఆత్మ అనాల్సిన చోట ప్రాణం అన్నారు. ఆడవాళ్ళ మొహాలు విచ్చుకున్నాయి. ఒకామె తన చచ్చిపోయిన కొడుకు సంగతి ఎత్తి, వాడి ప్రాణమూ ఇదేనా అమ్మా అని అడిగింది. సునంద ఔననలేదు, కాదనలేదు. ఇంటికి వచ్చాక మాత్రం ఆ మాట ఆమెని కుదురుగా ఉండనివ్వలేదు.

"గురువుగారూ, ఉన్నదున్నట్టు చెబితే వాళ్ళకి అందడం లేదు. అందేలా చెబితే ఉన్నది మారిపోతోంది. నేనేం చెయ్యను?" అని అడిగారు.

అచ్యుతం గారు తలూపి ఊరుకున్నారు. తర్వాతి శనివారం సునంద జాలరిపేటకి వెళ్ళకుండా ఆ వేళకి ఆయన ఇంటికే వచ్చి, ఇక మానేద్దామనుకుంటున్నానని చెప్పారు. అప్పుడు ఆయన తన స్నేహితుడు ధనుంజయరావు సంగతి చెప్పారు.

ధనుంజయరావు గారు విశాఖపట్నంలో పాలిటెక్నిక్ పిల్లలకి ఇంజనీరింగ్ డ్రాయింగ్ చెప్పి రిటైరయిన మనిషి. జన్మలో ఓడ ఎక్కలేదు. పడవెక్కినా కడుపులో తిప్పేది. అయినా కుర్రతనంలో రేవులో చూసిన నీలకంఠ అనే యుద్ధనౌక ఆయన మనసులోంచి పోలేదు. దానికి కాలం చెల్లి, ముక్కలు చేసి పాత ఇనుము కింద అమ్మేశారని తెలిసిన ఏడాది, ఆయన తన ఇంటి మేడమీద గదిలో దాన్ని నూరో వంతు కొలతలో మళ్ళీ కట్టడం మొదలుపెట్టారు. బజార్లో పెట్టెలో దొరికే ముక్కలు తెచ్చి అతికించే రకం పని కాదది. నౌక పటాల నకళ్ళు ఎక్కడెక్కడివో సంపాదించి, ప్లైవుడ్‌తో పక్కటెముకలు కోసి, వాటి మీద సన్నటి టేకు బద్దలు పరిచి, పైన రేకు తాపడం చేసి, ప్రతి ముక్కా తన చేత్తో తయారు చేసుకున్నారు. ఇంజెక్షన్ సూదులు ఫిరంగి గొట్టాలయ్యాయి. భార్య రత్నమాల గారి తెగిపోయిన వెండి పట్టీ లంగరు గొలుసయింది. డెక్కు అంచు వెంబడి రెయిలింగుకి కరెంటు వైరులోంచి రాగి పోగులు లాగి, వెంట్రుకంత సన్నటి ఆ పోగుల్ని భూతద్దం కింద పట్టుకారుతో పట్టుకుని ఒక్కొక్కటే సోల్డరింగ్ చేశారు.

కొలత తప్పడమంటే ఆయనకి అబద్ధమాడటమే. నౌకని నడిపించే పైగది కట్టడం పూర్తయి, రంగు కూడా ఆరాక, అది అర మిల్లీమీటరు ఎత్తు ఎక్కువైందని తేలింది. మొత్తం ఊడదీసి మళ్ళీ కట్టారు. ఇంకొకరికి కనబడదు కదండీ అని రత్నమాల గారంటే, "కొలత తప్పితే ఇది బొమ్మవుతుంది, నీలకంఠ అవదు" అన్నారు. ఆవిణ్ణి దుమ్ము కూడా దులపనిచ్చేవారు కాదు. మెత్తటి కుంచెతో తనే తుడుచుకునేవారు.

నౌక ఇంచుమించు పూర్తయింది. నమూనాలు కట్టేవాళ్ళు హైదరాబాదులో ఏటా పెట్టే పోటీకి దాన్ని తీసుకెళ్ళాలని నిశ్చయించుకున్నారు. ఆ సంగతి ఫొటోతో సహా పేపర్లో పడింది. నాలుగు రోజులకి ఒక ఉదయం నలభై ఏళ్ళ ఆడమనిషి, తండ్రిని చెయ్యి పట్టుకుని మెట్లెక్కించుకుంటూ వచ్చింది. తన పేరు నూకరత్నమని చెప్పింది. తండ్రి సూరాడ ఎల్లాజీ, నీలకంఠ మీద బాయిలర్ గదిలో పనిచేసి వచ్చినవాడు. ఫొటో సంగతి చెప్పిన దగ్గర్నుంచీ తీసుకెళ్ళమని ఒకటే గొడవట.

ధనుంజయరావుకి ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. ఆ నౌక మీద నడిచిన మనిషి ఆయన ఇంటికి రావడం అదే మొదలు. బల్లమీది గుడ్డ తొలగించి, ముందు ఫిరంగి దగ్గర్నుంచి వర్ణించడం మొదలుపెట్టారు. కాసేపటికి గమనిస్తే, ముసలాయన మొహం నౌక వైపు కాకుండా తన గొంతు వైపు తిరిగి ఉంది.

"నాన్నకి చూపు లేదు సార్. నీటికాసులొచ్చి కళ్ళు పోయాయి. ముందే చెప్పాల్సింది" అంది నూకరత్నం.

"చేత్తో చూస్తాను బాబూ" అన్నాడు ఎల్లాజీ.

ధనుంజయరావు ఆ చేతుల్ని చూశారు. వెడల్పాటి అరచేతులు, మొద్దుబారిన వేళ్ళు, ముంజేతుల మీద పాత కాలిన మచ్చలు. వద్దనడానికి నోరు రాలేదు. ముసలాయన మణికట్టు పట్టుకుని, మెల్లగా అంటూ, డెక్కు అంచుకి చేర్చారు. వేళ్ళు ఇంకా ఆనాయో లేదో, రాగి పోగులు రెండు విరిగాయి. ఎల్లాజీ చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇదేటి బాబూ, ముళ్ళకంపా?"

"రెయిలింగండి."

"రెయిలింగా?" ముసలాయన ఆలోచించాడు. "దీన్ని పట్టుకుని మనిషి ఎలా నిలబడతాడు బాబూ?"

ఆ తర్వాత పొగగొట్టాన్ని ఒకసారి తడిమాడు. ఇంకెక్కడా ముట్టుకోకుండా చేతులు వెనక్కి పెట్టేసుకున్నాడు. బావుంది బాబూ, ఎంతో ఓపిగ్గా కట్టారు అన్నాడు. చుట్టపుచూపుగా వెళ్ళిన చోట రుచించని కూరని మెచ్చుకున్నట్టు ఉంది ఆ మాట. ధనుంజయరావుకి అది తెలిసిపోయింది. వాళ్ళని గుమ్మందాకా సాగనంపుతూ, ముఖ్యంగా ఏం చూద్దామని వచ్చారని నూకరత్నాన్ని అడిగారు.

"ఆ రెయిలింగే సార్. బాయిలర్ గదిలో కొలిమిలో ఉన్నట్టుండేదట. డ్యూటీ దిగి పైకొచ్చి, కుడిపక్క రెయిలింగు పట్టుకుని గాలి పీల్చుకునేవారట. ఓడ గురించి మాకు చెప్పింది ఆ ఒక్కటే. ఇంకేం అడిగినా చెప్పరు."

ఆ రోజు ధనుంజయరావు విరిగిన పోగుల్ని మళ్ళీ అతికించారు. అతికించి, కాలిపర్సుతో కొలిచి చూసుకున్నారు. నూరో వంతుకి సరిగ్గా సరిపోయాయి. ఎన్నడూ లేనిది, ఆ సరిపోవడం ఆయనకి తృప్తినివ్వలేదు. అచ్యుతం గారి దగ్గరికి వచ్చి ఈ సంగతంతా చెప్పి, "కొలతలో నేనెక్కడా తప్పలేదు. కానీ ఆయన చేతికి అది ముళ్ళకంప. ఆయన చెప్పిందీ అబద్ధం కాదు కదా" అన్నారు. అచ్యుతం గారు అలవాటు ప్రకారం తలూపి ఊరుకున్నారు.

వారం తిరిగాక ధనుంజయరావుకి ఒక ఉపాయం తోచింది. నౌకని ముట్టుకోనక్కర్లేకుండా పని జరిగిపోతుందనుకున్నారు. అసలు రెయిలింగు ఎంత లావుండేదో పటంలో చూసి, అంత లావు ఇనప గొట్టం మూరెడు కోయించి, నునుపు చేయించి, ఎల్లాజీని పిలిపించి చేతిలో పెట్టారు. ముసలాయన దాన్ని రెండు చేతులా పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది గొట్టం బాబూ. ఓడేది?"

ధనుంజయరావు గొట్టం తీసి మూల పెట్టేశారు. ఆయన నొచ్చుకున్నారేమోనని ఎల్లాజీ, కష్టపెట్టాను బాబూ అంటూ నాలుగుసార్లు చెప్పుకుని వెళ్ళాడు. ఇక రానని కూతురితో అన్నట్టు తర్వాత తెలిసింది.

మూడు రోజులు ధనుంజయరావు మేడమీద గదిలోకి వెళ్ళలేదు. నాలుగోనాడు వెళ్ళి, బల్ల ముందు కూర్చుని, నౌక కుడివైపు పొగగొట్టం దగ్గర్నుంచి వెనక చివరిదాకా తను కట్టిన రెయిలింగుని కత్తెరతో కత్తిరించడం మొదలుపెట్టారు. కాఫీ తెచ్చిన రత్నమాల గారు గుమ్మంలోనే ఆగిపోయారు.

"చెడగొట్టేస్తున్నారా?"

"ఔను," అన్నారు ఆయన. "ఈ మేరకి."

ఇత్తడి కడ్డీ తెచ్చారు. ఎంత లావుండాలో పటం చూసి నిర్ణయించడానికి లేదు. కళ్ళు మూసుకుని, రకరకాల కడ్డీల్ని వేళ్ళతో పట్టుకు చూస్తూ కూర్చునేవారు. సన్నగా ఉంటే గుచ్చుకుంటోంది. మరీ లావైతే పక్కనున్న తలుపూ నిచ్చెనా వేళ్ళకి అందకుండా పోతున్నాయి. మధ్యలో ఒకటి కుదిరింది. అసలు రెయిలింగుకి అడ్డంగా మూడు వరసలుంటే, వేలు దూరే చోటు కోసం కింది రెండూ తీసేసి పై వరస ఒక్కటే ఉంచారు. నిలువు కమ్మీలు సగానికి తగ్గించి, వాటి కాళ్ళని డెక్కులోంచి కిందికి దించి గట్టిగా బిగించారు. మనిషి బరువు ఆపినట్టు, అది చేతి బరువు ఆపాలి. ఎడమవైపు రెయిలింగు జోలికి పోలేదు. అది వెంట్రుక మందాన అలాగే ఉంది.

అప్పుడు తనే ఆటో మాట్లాడుకుని వెళ్ళి ఎల్లాజీని తీసుకొచ్చారు. ముసలాయన మొహమాటానికి వచ్చాడు. ఈసారి ధనుంజయరావు అతని చేతిని పొగగొట్టం మీద పెట్టి వదిలేశారు. వేళ్ళు గొట్టం వెంబడి కిందికి దిగాయి. తలుపు తగిలింది. తలుపు దాటి కుడికి జరిగాయి. కడ్డీ తగిలింది. బొటనవేలూ రెండు వేళ్ళూ దాని చుట్టూ మూసుకున్నాయి. ఎల్లాజీ కొంచెం వెనక్కి వాలి, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. చాలాసేపు కదల్లేదు. నూకరత్నం దగ్గరికి రాబోతే ధనుంజయరావు వద్దని సైగ చేశారు.

"ఇక్కడే," అన్నాడు ఎల్లాజీ. "ఇలా నిలబడితే గాలి ఎడమ చెంపకి కొట్టేది. కేశవన్ అని మలయాళీ కుర్రోడు, నా పక్కన నిలబడేవాడు. ఇద్దరికీ మాట రాదు, అంత వేడి తిని వచ్చేవాళ్ళం. ఊరికే పట్టుకు నిలబడేవాళ్ళం." వేళ్ళు కడ్డీ వెంబడి వెనక్కి వెళ్ళాయి. "ఇటు పోతే నిచ్చెన ఉండాలి. ఉన్నాది. దీని కింద వంటగది." మళ్ళీ ముందుకి వచ్చాయి. "కేశవన్‌ని ఇక్కణ్ణించే మోసుకెళ్ళారు. పైపు పగిలి ఆవిరి కొట్టింది. నేను ఆ పూట డ్యూటీ మార్చుకున్నాను."

నూకరత్నం గోడకి చేరబడి కూర్చుండిపోయింది. ఇన్నేళ్ళలో ఆ పేరు ఆమె వినలేదు.

ఆ తర్వాత ఎల్లాజీ గురువారాలు రావడం మొదలుపెట్టాడు. కడ్డీ పట్టుకుంటే చాలు, ఎక్కడున్నాడో అతనికి తెలిసిపోయేది. అక్కణ్ణించి ఒక్కొక్క చోటుకీ వేళ్ళతో నడిచి వెళ్ళేవాడు. సన్నటి భాగాల దగ్గర వేళ్ళు వాటంతటవే నెమ్మదించేవి. ఏమీ విరగలేదు.

పోటీ దగ్గరపడింది. అంతవరకు పాత రెయిలింగే పెట్టుకోకూడదా అని రత్నమాల గారు అడిగారు. అది మళ్ళీ కట్టడానికి నెల, తీసి ఇది బిగించడానికి ఇంకో నెల పడుతుంది, ఈలోగా ఆయనొచ్చి ఏం పట్టుకుంటాడు అన్నారు ధనుంజయరావు. నౌక ఎలా ఉన్నదో అలాగే హైదరాబాదు వెళ్ళింది. అక్కడ పరీక్షించే పెద్దమనిషి ఎడమవైపంతా భూతద్దంతో చూసి, ముగ్ధుడై తల పంకించాడు. కుడివైపుకి వచ్చి ఆగాడు.

"అటు ఇంత కచ్చితంగా చేసినవారు ఇటు ఎందుకిలా వదిలేశారు?"

"అది చేత్తో పట్టుకోడానికండి."

"ఇక్కడ ముట్టుకోకూడదు కదా," అంటూ ఆయన గోడమీది బోర్డు చూపించాడు.

"ఇక్కడ కాదండీ. ఇంటి దగ్గర."

పెద్దమనిషికి అర్థం కాలేదు. ధనుంజయరావు వివరించబోలేదు. బహుమతి వేరే నౌకకి వెళ్ళింది. ఆ బహుమతి మీద తనకి ఆశ లేదని ఆయన ఎప్పుడూ అనలేదు. గురువారానికి మాత్రం నౌకని బల్లమీద యథాస్థానంలో పెట్టి ఉంచారు.

అచ్యుతం గారు అక్కడితో ఆపి మంచినీళ్ళు తాగారు. సునంద అడగదలచుకున్నది ఇంకా మిగిలే ఉంది.

"అయితే, గురువుగారూ, ఆ కుడివైపు రెయిలింగు తప్పు కాదంటారా?"

"తప్పేనమ్మా," అన్నారు అచ్యుతం గారు. "ఎంత తప్పో మిల్లీమీటర్లతో సహా ధనుంజయానికి తెలుసు."